కాగు నుంచి హాట్ టబ్ దాకా

ఇంట్లో హాట్ టబ్ పెట్టించుకోవాలనుకుంటున్న మనవాళ్ళు ముందు మన క్యాంపుల వేన్నీళ్ళ చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోవాలి.

1953లో తుంగభద్ర నీళ్ళు కాలువల్లోకి వచ్చాక, కోస్తా జిల్లాల నుంచి మన పెద్దలు సింధనూరు, మాన్వి ప్రాంతాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోదే. పాకల్లో ఉన్న రోజుల్లోనూ పెరట్లో వేన్నీళ్ళ పొయ్యి ఉండేది. కన్నడంవాళ్ళు హండె అనే రాగి కాగును మట్టి పొయ్యి మీద కదలకుండా కూర్చోబెట్టి, కింద పత్తికట్టె మండించేవారు. నిలబడడానికి ఒక బండ, వాడిన నీళ్ళకు అరటి పాదుల దాకా చిన్న కాలవ.

ఆధారం, వేడి, నీళ్ళు పోయే దారి: టబ్బుకూ ఈ మూడే చూడాలి. వెయ్యి లీటర్లు పడితే నీళ్ళ బరువే ఒక టన్ను. మిద్దె మీదైతే ఇంజనీరుకు చూపించందే వద్దు. హీటరుకు విడి లైను, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ తప్పనిసరి. క్లోరిన్ కలిపిన నీళ్ళు నేరుగా పాదుల్లోకి వదలకూడదు.

అన్నిటికంటే పెద్ద లెక్క నీళ్ళది. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనందరి గుండెలూ జారిపోయాయి. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే చెరువు నీళ్ళే తాగే ఊళ్ళు మన పక్కనే ఉన్నాయి. కాబట్టి ఫిల్టరు, మూత ఉన్న టబ్బే తీసుకుని, నింపిన నీళ్ళను ఎక్కువ రోజులు వాడుకుందాం. నీళ్ళను నమ్ముకుని ఇక్కడికి వచ్చినవాళ్ళం మనం.