ఎర్ర నెలవంక: అభయ చిహ్నం

యుద్ధభూమిలో క్షతగాత్రులకు సేవచేసే వారికి తెల్లని గుడ్డపై ఎర్ర శిలువను రక్షణ చిహ్నంగా 1864 నాటి జెనీవా ఒడంబడిక నిర్ణయించింది. మరుసటి సంవత్సరమే ఉస్మానియా ప్రభుత్వం అందులో చేరింది. అయితే 1876లో, బాల్కన్ ప్రాంతంలో యుద్ధం సాగుతుండగా, ఒక చిక్కు వచ్చింది. శిలువ గుర్తు ముస్లిం సైనికుల మనోభావాలకు ఇబ్బందిగా ఉన్నదనీ, ఇకపై తమ వైద్య బృందాలు ఎర్ర నెలవంకను ధరిస్తాయనీ, శత్రుపక్షపు శిలువను మాత్రం యథాప్రకారం గౌరవిస్తామనీ ఇస్తాంబూల్ ప్రభుత్వం స్విట్జర్లాండుకు తెలియజేసింది. ఈ చివరి మాటే నా దృష్టిలో ముఖ్యమైనది. 1877-78 యుద్ధంలో రష్యా కూడా నెలవంకను మన్నించడానికి అంగీకరించింది.

ఫిఖహ్ గ్రంథాలలో అమాన్ ప్రకరణం చదివినవారికి ఇది వింతగా తోచదు. ఒక సామాన్య ముస్లిం ఇచ్చిన అభయానికి సైన్యమంతా కట్టుబడవలెనని ఫుఖహాలలో అత్యధికుల అభిప్రాయం. మక్కా విజయం నాడు హజ్రత్ ఉమ్మెహానీ (రజి) ఇచ్చిన అభయాన్ని దైవప్రవక్త (స) ధ్రువపరచిన సంగతి ప్రసిద్ధమే.

1912లో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన భారతదేశం నుండి తుర్కీకి బయలుదేరిన వైద్య బృందం ఈ పరంపరలోనిదే. నెలవంకకు ఒడంబడికలోనే స్థానం లభించినది 1929లో.

2025 మార్చి 23న గాజాలోని రఫహ్ వద్ద ఇజ్రాయెల్ సైన్యం కాల్పులలో 15 మంది సహాయకులు మరణించారు. వారిలో 8 మంది ఎర్ర నెలవంక సేవకులు. వాహనాలు దీపాలు లేకుండా వచ్చాయని సైన్యం మొదట ప్రకటించింది. మృతులలో ఒకరి ఫోనులో దొరికిన వీడియోలో అంబులెన్సుల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.