సంప్రదాయం ఎవరిది? - ‘ఫైర్’ చిత్ర వివాదం

భారతీయ సినిమా చరిత్రలో “ఇది మన సంప్రదాయం కాదు” అనే అభ్యంతరం మీకు తరచుగా ఎదురవుతుంది. చరిత్ర విద్యార్థిగా మీరు దానిని అంగీకరించే ముందు, తోసిపుచ్చే ముందు కూడా, ఆ మాట ఎవరు అన్నారో, దేనిని చూసి అన్నారో పరిశీలించాలి. ఇద్దరు స్త్రీల ప్రేమను చిత్రించిన దీపా మెహతా సినిమా ‘ఫైర్’ (1996) ఇందుకు తగిన ఉదాహరణ.

కథ

ఢిల్లీలోని ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబంలో రాధ (షబానా ఆజ్మీ), సీత (నందితా దాస్) తోడికోడళ్లు. రాధకు పిల్లలు కలగలేదు. ఆమె భర్త స్వామీజీ బోధలు విని బ్రహ్మచర్యం పాటిస్తుంటాడు. సీత భర్తకు మరొక స్త్రీతో సంబంధం ఉంది. వంటింటి పనిలో, మాట పడిపోయిన అత్తగారి సేవలో రోజులు గడుపుతూ ఈ ఇద్దరూ దగ్గరవుతారు. చివరలో రాధ చీరకు నిప్పంటుకుంటుంది. ఆమె బతికి బయటపడి సీతను చేరుకుంటుంది. ఇది రామాయణంలోని అగ్నిపరీక్షను గుర్తుచేసే ఘట్టం. అంటే ఈ ప్రేమకథ సంప్రదాయానికి బయట కాక, దాని నడిబొడ్డున, ఉమ్మడి కుటుంబంలోనే జరుగుతుంది.

వివాదం

1998లో సెన్సార్ బోర్డు ఒక్క కోత కూడా లేకుండా ఈ చిత్రానికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. అయితే హిందీ ప్రతిలో సీత పేరు నీతగా మారింది. దృశ్యాలను తొలగించలేదు, పేరును మాత్రం మార్చారు. ఈ విషయాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఆ ఏడాది డిసెంబరు తొలి వారంలో శివసేన కార్యకర్తలు ముంబయి, ఢిల్లీ నగరాల్లో ఈ సినిమా ఆడుతున్న థియేటర్లపై దాడి చేశారు. చిత్రాన్ని తిరిగి బోర్డుకు పంపారు. 1999లో బోర్డు మళ్లీ కోతలు లేకుండానే అనుమతించింది.

దాడులకు నిరసనగా ఢిల్లీలో జరిగిన ప్రదర్శనలో చాలామంది భావప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడారు. కొందరు స్త్రీలు మాత్రం తాము భారతీయులమనీ, లెస్బియన్లమనీ తెలిపే ప్లకార్డులు పట్టుకున్నారు. సినిమాను కాపాడితే చాలదని, తమ ఉనికిని కూడా గుర్తించాలని వారు కోరారు. ఆ తర్వాత లెస్బియన్ల హక్కుల కోసం ఒక ప్రచార బృందం ఏర్పడింది.

ఆధారాలు ఏం చెబుతాయి?

ఇటువంటి ప్రేమ విదేశీ దిగుమతి అన్న వాదనకు ఆధారాలు అనుకూలంగా లేవు. కృత్తివాసుని బెంగాలీ రామాయణపు కొన్ని పాఠాల్లో భగీరథుడు దిలీపుని ఇద్దరు భార్యల కలయిక వల్ల జన్మిస్తాడు. ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ అనే ఉర్దూ కథను 1942లోనే ప్రచురించారు. అశ్లీలత ఆరోపణపై లాహోరు కోర్టులో విచారణ ఎదుర్కొని, నిర్దోషిగా బయటపడ్డారు. మరోవైపు, స్వలింగ సంబంధాలను శిక్షించడానికి వాడిన 377వ సెక్షన్ 1860లో వలస ప్రభుత్వం తెచ్చిన శిక్షాస్మృతిలోనిది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పురాణంలో ఒక కథ దొరికినంత మాత్రాన ఆ కాలపు స్త్రీలు స్వేచ్ఛగా జీవించారని చెప్పలేము. స్త్రీలను కట్టడి చేసింది చట్టం కన్నా ఎక్కువగా పెళ్లి, ఇల్లు, పరువు. ‘ఫైర్’ చూపినది కూడా అదే.

ముగింపు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఏర్పడే స్వలింగ సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారం రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వం, గౌరవం, వ్యక్తిగత గోప్యత. సంప్రదాయంలో చోటు ఉందా లేదా అన్నది చరిత్రకారులు ఆధారాలతో తేల్చవలసిన ప్రశ్న. మనిషి హక్కు ఆ జవాబు కోసం ఆగనక్కర లేదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలగడమే ఈ పాఠం నుండి మీరు నేర్చుకోవలసిన ముఖ్యాంశం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: సెన్సార్ బోర్డు దృశ్యాలను ఉంచినా సీత పేరు ఎందుకు మారవలసి వచ్చింది? పది వాక్యాల్లో చర్చించండి.