జకాత్ ఎవరికి కడతారు?

సౌదీ అరేబియాలోని రాస్ తనూరాలో అమెరికన్ చమురు కంపెనీ అరామ్‌కో పెద్ద రిఫైనరీ 1945లో మొదలైంది. అమెరికన్లకు ఒక క్యాంపు, ఇటాలియన్లకూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లకూ సౌదీ కూలీలకూ వేరేవి. ఆ ఏడాదే సౌదీ కార్మికులు సమ్మెకు దిగారు. నేల కింద ఏముందో చెప్పగల కంపెనీకి నేల మీద ఉన్న మనుషులు మాత్రం అంతుపట్టలేదు.

కంపెనీ ఒక పరిశోధన విభాగం పెట్టుకుంది. అరబ్బీ పండితుడు జార్జ్ రెంట్జ్ దానికి పెద్ద. మానవశాస్త్రజ్ఞుడు ఫెడెరికో విడాల్ అల్ హసా ఒయాసిస్‌లో ఊళ్లు, ఊటలు, ఖర్జూర తోటల సంగతులు పోగుచేశాడు. 1955లో వాటితో వచ్చిన పుస్తకాన్ని కంపెనీయే అచ్చువేసింది.

సమాజాన్ని చదివేవాళ్లకు భౌతికశాస్త్రం హోదా మీద మోజు ఎక్కువ. పక్షం పట్టకూడదు, చూసిందే రాయాలి అంటారు. అల్ హసాలో విడాల్ అలాగే రాశాడు కూడా. కానీ అప్పుడే బురైమీ ఒయాసిస్ ఎవరిదని సౌదీకీ బ్రిటన్‌కూ తగాదా నడుస్తోంది. ఫలానా తెగ జకాత్, అంటే ఇస్లాం విధించిన దానపన్ను, ఎవరికి కడుతుంది? ఎవరికి కడితే వాళ్ల ఏలుబడి అని లెక్క. ఫలానా బావి ఎవరిది? వినడానికి రచ్చబండ కబుర్లే. 1955లో మధ్యవర్తుల ముందు సౌదీ పెట్టిన వాదనకు అలాంటివే సాక్ష్యాలయ్యాయి. ఆ వాదన తయారీలో రెంట్జ్ బృందం చెయ్యి ఉంది. జీతమిచ్చేవాడికి ఏ జవాబు కావాలో ఆ ప్రశ్నే శాస్త్రమైంది, నన్నడిగితే.

అదే 1955లో లండన్‌లో మన హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద మానవశాస్త్రజ్ఞుడు ఎస్.సి. దూబే పుస్తకం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం అక్కడికి ప్రశ్నలతోపాటు వైద్యం, పశువైద్యం, వ్యవసాయ సలహాలు కూడా పట్టుకెళ్లింది. ఊరివాళ్లు ఇచ్చినదానికి ఎంతో కొంత చేతికందింది. పుస్తకం మాత్రం ఇంగ్లీషులోనే. వాళ్లలో ఎందరు చదవగలరు?

మరుసటేడు మానవశాస్త్రజ్ఞుడు సోలన్ కింబాల్ చూపును చదివేవాళ్ల వైపే తిప్పాడు. సౌదీలోని అమెరికన్ల సంస్కృతి మీదే వ్యాసం రాసి, న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వేశాడు. తెగల్ని చదివే పద్ధతి దొరల బంగళాలకూ పనికొస్తుందన్నమాట!

అరామ్‌కో పరిశోధన విభాగంలో పనిచేసిన విలియం మలిగన్ కాగితాలు తర్వాత జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విటాలిస్ వాటిని తిరగేసి ‘అమెరికాస్ కింగ్‌డమ్’ రాశాడు. జాతికో క్యాంపు, జాతికో జీతం అనే ఏర్పాటు ఎడారిలో పుట్టింది కాదనీ, అమెరికా గనుల ఊళ్ల నుంచి దిగుమతైందనీ అందులో చూపించాడు. అప్పటికి 1945 సమ్మె జరిగి అరవై ఏళ్లు దాటింది.