రంగం పెట్టె, అమెరికా కబురు



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి మన ఇళ్ళలో ఈ రోజుల్లో ఒకటే కబురు, అమెరికా కబురు. ఎవరింట చూసినా ఒక అమ్మాయో అబ్బాయో అక్కడ ఉండనే ఉంటారు. వాళ్ళకు తెల్లవారేసరికి మనకు పొద్దుగూకుతుంది. అయినా అక్కడ వాళ్ళు తుమ్మితే ఇక్కడ మనం చిరంజీవ అంటున్నాం.

2025 జనవరి నెలాఖరున విజయనగరంలో మా పక్కింటి పిన్నిగారు దిగులుగా వచ్చి కూర్చున్నారు. వాళ్ళమ్మాయి టెక్సాస్‌లో ఉంది, అప్పటికి ఏడో నెల. ఆ నెల 20న ట్రంప్ రెండోసారి అధ్యక్షుడుగా ప్రమాణం చేసి, ఆ రోజే ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గాని గ్రీన్‌కార్డు గాని లేకపోతే, నెల రోజుల తరవాత అక్కడ పుట్టే బిడ్డను ఆ దేశపు పౌరుడుగా ఒప్పుకోరన్నది దాని సారాంశం.

"గడువులోపల ఆపరేషన్ చేయించేసుకోమని ఎవరో సలహా చెప్పారటమ్మా. ఏడో నెలలో తీస్తే బిడ్డ బతికి బట్టకడుతుందా?" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కూతురొక్కతే కాదు, ముందుగా కాన్పు చేయమని డాక్టర్ల దగ్గరికి పరుగెత్తిన మనదేశపు దంపతుల సంగతి ఆ రోజుల్లో పత్రికల్లో కూడా వచ్చింది.

కాఫీ తాగి కాస్త తేరుకున్నాక ఆవిడే ఇంకో సంగతి ఎత్తారు. "వాళ్ళు ఇల్లు మారుదామనుకుంటున్నారు. చూసిన ఇల్లు బాగానే ఉందిట గాని, ఆ వీధి నిండా నల్లవాళ్ళేనట. వద్దంటే వద్దన్నాను."

నేనప్పుడు ఏమీ అనలేదు. పెద్దావిడ, పైగా కష్టంలో ఉంది. కాని ఆ రెండు మాటలూ ఒకే పూట ఒకే నోట రావడం నన్ను రెండు రోజులు వదల్లేదు. పుట్టబోయే బిడ్డకు దక్కుతుందో దక్కదో అని ఆవిడ బెంగపెట్టుకున్న హక్కు ఆ నల్లవాళ్ళ మూలంగా పుట్టిందే. ఇంకో సంగతి కూడా ఉంది. పరాయి దేశంలో నల్లవాళ్ళనిపించుకోవడం మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు కొత్త కాదు. అందుచేత అమెరికా సంగతికి ముందు రంగం సంగతి చెబుతాను.

మనవైపు పాతకాలం వాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. మా అమ్మమ్మగారింట్లో బర్మా టేకుతో చేసిన పెద్ద పెట్టె ఒకటి ఉండేది, దాని పేరు రంగం పెట్టె. ఇప్పుడది నా దగ్గరుంది, రగ్గులూ దుప్పట్లూ దాచుకుంటాను. తెచ్చింది అమ్మమ్మ తండ్రి. ఆయన రంగంలో ఒక మేస్త్రీ దగ్గర గుమస్తా.

మేస్త్రీ అంటే ఇల్లు కట్టే మేస్త్రీ అనుకునేరు. ఊళ్ళోనే కూలీకి కొంత డబ్బు ముందుగా చేతిలో పెట్టి, ఓడ ఎక్కించి, అక్కడ పని చూపించి, ఆ తరవాత వాడి కూలిలోంచి తన వాటా కోసుకునేవాడు మేస్త్రీ. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మనవాళ్ళు ఓడెక్కేవారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేనేలేదు. 1936 దాకా ఆ ఊరు గంజాం జిల్లాలో ఉండేది, జిల్లా ఏర్పడింది 1950లో. వానలు లేని ఏడు, అప్పు తీరని ఏడు మగవాళ్ళు రంగం పోయేవారు. ఆడవాళ్ళు పొలాన్నీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకుంటూ మనియార్డరు కోసం గుమ్మంలో నిలబడేవారు. ఆ మనియార్డర్ల చరిత్ర ఎవరన్నా రాస్తే అందులో సగం మన ఆడవాళ్ళ చరిత్రే అవుతుంది. ఎవరూ రాయరు లెండి.

అక్కడ మనవాళ్ళు రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, పాకీ పని చేశారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా వాళ్ళ రాజధానిలో బర్మా వాళ్ళే తక్కువ! పైన బ్రిటిష్ కంపెనీలు, మధ్యన చెట్టియార్ల వడ్డీ వ్యాపారం, అడుగున మన కూలీలు. తెలుగువాళ్ళందరికీ అక్కడ ఒకటే పేరు, కోరంగీలు. కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉంది కదా, దాని పేరే అది. రేవు పాడుబడిపోయినా తిట్టు మాత్రం మిగిలింది. "మా అయ్యని ఈదిలో కోరంగోడా అని పిలిసీవోరట. ఏటి, ఆయనికి పేరు నేదా?" అనేది అమ్మమ్మ.

1930 మే నెల. లోకమంతా ఆర్థిక మాంద్యం, బియ్యం ధర పడిపోతోంది. ఓడల్లో సరుకు ఎత్తి దించే మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. పని చేయించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చి పెట్టుకున్నాయి. వాళ్ళవీ కాలే కడుపులే, వచ్చారు. తరవాత కంపెనీలు మనవాళ్ళతో రాజీ పడి కూలి కొంచెం పెంచాయి. మే 26 ఉదయం మనవాళ్ళు పనిలోకి వచ్చారు. అదే ఉదయం బర్మావాళ్ళూ వచ్చారు. ఇక మీ అవసరం లేదు, పొండన్నారు. ఎగతాళి మాటలు, ఆ మీదట తోపులాట, ఆ మీదట కర్రలూ కత్తులూ. రేవులో రాజుకున్నది ఊరంతా అంటుకుంది. ప్రభుత్వం చెప్పిన లెక్కే సుమారు 120 మంది చనిపోయారని, 900 మంది దాకా గాయపడ్డారని. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలు. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మోరిస్ కాలిస్ అనే ఆయన తరవాత ఆ రోజుల గురించి పుస్తకం రాశాడు.

"బర్మావోళ్ళు మనోళ్ళని నరికీసారు." మా అమ్మమ్మకు తెలిసింది ఇంతే. కోరంగీలు మా నోటి దగ్గర కూడు లాక్కున్నారని బర్మా వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుని ఉంటారు. ఒకే పని ఇద్దరికి చూపించి, ఒక పొద్దుటే ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన దొరల పేర్లు ఏ ఇంట్లోనూ ఎవరికీ జ్ఞాపకం లేవు. మా ముత్తాత రాసిన పద్దుల్లో కూలీల దగ్గర కోసుకున్న వాటాలు కూడా ఉండే ఉంటాయి. నా రగ్గుల పెట్టె ఆ డబ్బుతో కొన్నదే కాబోలు.

ఆయన ఆ ఏడే ఓడెక్కి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. తమ్ముడు ఉండిపోయాడు. 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట నడిచి బయల్దేరారు. జ్వరాలతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. ఆ వలసలో తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారని మనదేశంలో పెద్ద గగ్గోలు పుట్టింది. ఆ నల్లవాళ్ళు ఎవరనుకున్నారు? మనమే. చినతాత బయల్దేరాడని కబురు వచ్చింది, మనిషి రాలేదు. మిగిలినవాళ్ళలో చాలామంది 1964లో నెవిన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ లాగేసుకున్నాక కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు వినే ఉంటారు, అలా వచ్చినవాళ్ళదే.

ఇక అమెరికా. ఆఫ్రికా మనుషుల్ని గొలుసులు వేసి తెచ్చి అమ్ముకున్న దేశం అది. మనవాళ్ళ రంగం కష్టాన్ని దానితో సమానం చెయ్యను. మనవాడు అప్పు చేసైనా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాడు, ఏ పండక్కో ఇంటి మొహం చూశాడు. వాళ్ళకు ఇంటి మొహమే లేదు. నల్లవాడు ఎన్నటికీ ఈ దేశపు పౌరుడు కాలేడని వాళ్ళ సుప్రీంకోర్టు 1857లో తీర్పు చెప్పింది. అంతర్యుద్ధం జరిగి, బానిసత్వం పోయాక, 1868లో రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ చేశారు. ఈ గడ్డ మీద పుట్టినవాడు ఈ దేశపు పౌరుడే అన్న మాట అప్పుడు చేరింది. నిన్నటిదాకా బానిసలైనవాళ్ళ పిల్లల కోసం రాసిన మాట అది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా వంటవాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినవాడు, ఆ మాట పట్టుకునే కోర్టులో గెలిచాడు. పిన్నిగారి కూతురి బిడ్డకు అండగా ఉన్నదీ ఆ మాటే.

మరి మనవాళ్ళు వెళ్ళి ఏం చేశారు? భగత్‌సింగ్ థిండ్ అని పంజాబీ ఆయన, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగాడు. అప్పట్లో వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతివాళ్ళకూ తప్ప అది ఇచ్చేవారు కారు. నేను ఆర్యుణ్ణి, ఉన్నత కులంవాణ్ణి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని ఆయన వాదన! 1923లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. అంతకుముందు పౌరసత్వం వచ్చిన మనవాళ్ళకు కూడా ఊడబీకారు. కులం అక్కడ చెల్లని రూపాయి అయింది. ఆయన్ని చూసి నవ్వబోతే పిన్నిగారి ఇంటి వేట గుర్తొచ్చింది, నవ్వు రాలేదు. ఆ తలుపు 1946లో కొద్దిగా తెరిచారు, ఏడాదికి మొత్తం భారతదేశానికి నూరు మంది!

ఇవాళ మన పిల్లలు లక్షల్లో ఉన్నారంటే, నడుమ ఏం జరిగింది? 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ అనే ఊళ్ళో రోజా పార్క్స్ అనే కుట్టుపనావిడ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంది, అరెస్టు చేశారు. ఇది మనకు తెలిసిందే. ఆ తరవాత 381 రోజులపాటు ఆ ఊరి నల్లవాళ్ళు బస్సు ఎక్కలేదు. మరి ఆ బస్సుల్లో ఎక్కువగా తిరిగేదెవరు? తెల్లవాళ్ళ ఇళ్ళలో వంటలు చేసే, బట్టలుతికే, పిల్లల్ని సాకే ఆడవాళ్ళు. వాన వచ్చినా, చలి వేసినా నడిచి వెళ్ళి పని చేసి నడిచి వచ్చారు.

వాళ్ళలో జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఉంది. కోర్టులో సాక్ష్యం చెప్పిందని ఉన్న వంట ఉద్యోగం పోయింది. ఆవిడ ఇంట్లోనే పొయ్యి వెలిగించి కోడికూర, కేకులు వగైరా చేసి అమ్మి, తోటి ఆడవాళ్ళను కూడగట్టి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేది. కార్లకు పెట్రోలు కావాలి కదా. డబ్బెక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదనేవారు. ఇచ్చినవాళ్ళ పేర్లు బయటపడితే వాళ్ళ పనులూ పోతాయి మరి. ఆ సంఘం పేరే ఎక్కడిదీ కాని క్లబ్బు! చరిత్ర పుస్తకాల్లో మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసాలు ఉంటాయి, ఉండాల్సిందే. ఆ ఉపన్యాసాలు విన్నవాళ్ళకు రాత్రి భోజనం వండిందెవరో కూడా ఉంటే బాగుండును.

ఆ పోరాటం ఊరూరా పాకి 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. మనిషి రంగును చూసి హక్కు తూచగూడదని ఇంట్లోవాళ్ళకు ఒప్పుకున్నాక, బయటినుంచి వచ్చేవాళ్ళను మాత్రం జాతి చూసి ఏరడం ఎబ్బెట్టు అయింది. 1965 అక్టోబరు 3న ప్రెసిడెంట్ జాన్సన్ వలసల చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ తరవాతే మన డాక్టర్లూ ఇంజనీర్లూ, ఆ వెనకాల కంప్యూటర్ కుర్రాళ్ళూ వెళ్ళగలిగారు.

వెళ్ళినవాళ్ళు సుఖంగా ఉన్నారు, కాదనను. కాని 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒలేతా అనే ఊళ్ళో శ్రీనివాస్ కూచిభొట్ల అనే మన హైదరాబాద్ కుర్రాడిని, నా దేశంలోంచి పో అంటూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఇరాన్ వాళ్ళనుకున్నాడట. అడ్డం వెళ్ళి గుండు దెబ్బ తిన్నవాడు ఇయాన్ గ్రిలట్, వాడూ తెల్ల కుర్రాడే. మేమూ ఇక్కడివాళ్ళమేనా అని భార్య సునయన అడిగిన ప్రశ్న మన ఇళ్ళన్నిటిలో వినిపించింది, ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లవాణ్ణి పోలీసు తొమ్మిది నిమిషాల పైన మెడ మీద మోకాలు పెట్టి తొక్కిపట్టి చంపినప్పుడు, అతను అప్పటికే చనిపోయిన తల్లిని పిలిచాడు. దాన్ని ఫోనులో తీసి లోకానికి చూపించింది పదిహేడేళ్ళ ఆడపిల్ల. ఆ రోజు మన ఇళ్ళలో అన్నం సయించిందా? నా సంగతి చెబుతాను, సయించింది. టీవీ చూసి, అయ్యో అని, చారు పోసుకున్నాను.

2024 ఎన్నికలప్పుడు మన సంబరం చూడాలి. ఒకవైపు తమిళ తల్లి కూతురు కమలా హారిస్, ఇంకోవైపు తెలుగింటి ఆడపడుచు ఉషా చిలుకూరి భర్త వాన్స్. ఉషకు బామ్మ వరస అయ్యే శాంతమ్మగారు, తొంభైఆరేళ్ళ ఫిజిక్స్ ప్రొఫెసరు, మన విజయనగరం సెంచూరియన్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారని పేపర్లలో చదివి ఎంత మురిసిపోయామో! ఆ వయసులో పాఠం చెప్పడం నిజంగా మురిసిపోవలసిందే. వాన్స్ ఉపాధ్యక్షుడుగా ప్రమాణం చేసిన రోజే, పిన్నిగారి కంట నీళ్ళు పెట్టించిన ఆ ఉత్తర్వూ వచ్చింది.

మూడు రోజులకే సియాటిల్‌లో ఒక జడ్జి దాన్ని ఆపాడు, తరవాత మరికొన్ని కోర్టులూ ఆపాయి. తగువు అక్కడితో తీరలేదు, ఆ ఏడే సుప్రీంకోర్టు గడప కూడా ఎక్కింది. పిన్నిగారమ్మాయి మాత్రం ఆపరేషన్ మాట తలపెట్టకుండా నెలలు నిండనిచ్చింది. ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. పిన్నిగారు మిఠాయి పట్టుకొచ్చిన రోజున ఈ కథంతా, రంగంతో సహా, చెప్పాను. నల్లవాళ్ళ వీధి సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. రంగం పెట్టె మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూసి, "ఇంకా టేకు వాసన వస్తోందే" అన్నారు.

మర్నాడు పొద్దున్న పాలవాడు వచ్చే వేళకు గోడ అవతలనుంచి పిలిచారు. "ఆ వంటావిడ పేరేమన్నావు? పద్నాలుగో సవరణ ఏ సంవత్సరం అన్నావు? అమ్మాయి ఫోనులో ఉంది, మళ్ళీ చెప్పు, కాలెండరు మీద రాసుకుంటాను."