సర్వర్లకూ తపాలు పంపిణీ

నానక్‌రామ్‌గూడలో అమెజాన్ 2019లో తెరిచిన కార్యాలయాన్ని చూస్తే నాకు సెక్షన్‌లో తపాలు పంచడమే గుర్తొస్తుంది. పదిమంది పనులనూ అద్దెకు చేసిపెట్టే క్లౌడ్ కేంద్రాలను ఆ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించింది. అక్కడా సమస్య అదే: ఏ పని ఏ సర్వరుకివ్వాలి? ఖాళీగా ఉన్న సర్వరు కూడా నిండు పనిలో వాడే కరెంటులో సగం దాకా తింటుందని 2007లో గూగుల్ ఇంజనీర్లు రాశారు. అందుకే పనులను కొన్నింటిమీదే సర్ది, మిగతావి ఆపుతారు. 2003లో వి.ఎం.వేర్ సంస్థ నడుస్తున్న పనిని ఆపకుండానే మరో సర్వరుకు మార్చింది. మా రోజుల్లో చార్జి అప్పగింతకే వారం!

సర్దడానికీ హద్దుంది. మా ఆఫీసులో చురుకైన గుమాస్తాకు మూడు సీట్లు కట్టబెట్టారు. ఆయన మంచాన పడ్డాడు. ఓ వితంతువు ఫ్యామిలీ పెన్షన్ ఫైలు ఐదు నెలలు బీరువాలోనే ఉంది. హైదరాబాదు క్లౌడ్‌ను మూడు విడి మండలాలుగా, దేని కరెంటు దానికి ఉండేలా కట్టింది అందుకే. పనిని రెండుచోట్ల ఉంచుకోవలసింది మాత్రం వాడుకునేవారే.