రాజన్న కోడె: ఒక మొక్కు పుట్టుపూర్వోత్తరాలు

రాజన్న సిరిసిల్ల జిల్లా వేములవాడలో రాజన్న దేవుడికి మొక్కు చెల్లించడమంటే ముందుగా గుర్తొచ్చేది కోడె. భక్తులు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, తెచ్చి కట్టేస్తారు. చిత్రమేమిటంటే ఆ కోడె చాలాసార్లు భక్తులది కాదు, గుడిదే. టికెట్ కొంటే పలుపు చేతికి వస్తుంది. ప్రదక్షిణ కాగానే అదే కోడె ఇంకో ఇంటివాళ్ల మొక్కు మోయడానికి బయల్దేరుతుంది. పిల్లలు పుట్టినా, రోగం నయమైనా, పంట చేతికొచ్చినా, గల్ఫ్‌కు పోయిన కొడుకు క్షేమంగా ఇల్లు చేరినా ఈ ప్రాంతంలో రాజన్నకు కోడె కట్టాల్సిందే.

ఈ మొక్కుకు చుట్టాలు చాలా ఉన్నాయి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ముందు జనం వేములవాడకు పోటెత్తుతారు; రాజన్నను చూశాకే మేడారం దేవత సమ్మక్క దగ్గరకు పోవడం ఆనవాయితీ. అక్కడ ఇచ్చేది నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు తూచిన బెల్లం. జగిత్యాల జిల్లా కొండగట్టులో మాలలు వేసుకుని దీక్ష పడతారు. ఉత్తర తెలంగాణ రైతులు పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి పూజిస్తారు. అందరికంటే పెద్ద మనసు ఈ చివరివాళ్లదే. వాళ్ల కృతజ్ఞత దేవుడి దగ్గర ఆగకుండా, చాకిరీ చేసిన పశువు దాకా వచ్చింది.

వేములవాడ ప్రాంతంలో కృతజ్ఞత రాతికెక్కిన కాలం పదో శతాబ్దం. అప్పుడు వేములవాడ రాష్ట్రకూటుల సామంతులైన చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో పంపకవి ఉండేవాడు. కన్నడ ఆదికవి అనిపించుకున్న ఈయన పూర్వులది కమ్మనాటి వంగిపర్రు. పంపడు 941లో రాజునే అర్జునుడిగా నిలిపి విక్రమార్జున విజయం రాశాడు. అరికేసరి శాలువాతో సరిపెట్టలేదు, ధర్మపురమనే అగ్రహారమే ఇచ్చాడు. ఆ సంగతి చెప్పే శాసనాన్ని కవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించాడు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద అదింకా ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద! అందులోని మూడు తెలుగు కంద పద్యాలు మన సాహిత్య చరిత్రకు పెద్ద ఆధారం. శాసనంలో ఆ గుట్ట పేరు వృషభగిరి. ఎద్దు అక్కడా కనిపిస్తుంది, అయితే అది జైనుల ఆదితీర్థంకరుడు వృషభనాథుడి గుర్తు.

ఆ వంశానికి రచయితలంటే మోజు తగ్గలేదు. 959లో సోమదేవసూరి గంగాధరలోనే యశస్తిలక చంపువు పూర్తిచేశాడు. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం మూడో అరికేసరి వేములవాడలోని జినాలయం బాగోగుల కోసం ఆయనకు ఒక ఊరు రాసిచ్చాడు. ఎవరు, ఎవరికి, ఎందుకు, ఏమిచ్చారన్నది ఆ రాగిరేకులు చెబుతాయి. 973లో రాష్ట్రకూటులు కూలారు, వేములవాడ చాళుక్యులూ కనుమరుగయ్యారు. ఆ తరువాత కాకతీయులు, కుతుబ్‌షాహీలు, నిజాములు వచ్చిపోయారు. రాజుల దానాల కంటే రైతుల మొక్కులే ఎక్కువకాలం నిలిచాయి.

కోడె అర్థం మారింది ట్రాక్టరు వచ్చాకే. అరకకు పనికొచ్చే కోడెను ఇవ్వడమంటే ఒకప్పుడు ఇంటి బలంలో కొంత వదులుకోవడం. ఇప్పుడు దున్నే పనిలేని కోడెను గుడికి తోలడం కొందరికి త్యాగం కంటే తేలిక. సొంత కోడెలను తెచ్చి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు. వాటిని ఉంచే తిప్పాపూర్ గోశాల కిక్కిరిసి, 2025లో అక్కడ కోడెలు చనిపోయాయి. ఆలయం మిగతా కోడెలను రైతులకు ఉచితంగా పంచుతోంది. టికెట్ మొక్కును చులకనగా చూసేవాళ్లున్నారు కానీ, అందులో పశువుకు కొత్తగా వచ్చిపడే కష్టం లేదు. సొంత కోడెను ఇవ్వదలచినవాళ్లు దాని మేతకు, నీడకు చోటుందో లేదో ముందుగా కనుక్కుని తీసుకుపోవాలి.