కంపారటివ్ స్టేట్‌మెంట్‌లో లేని గడి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినారు. ఉద్యోగపు రోజుల కబుర్లు చాలామంది వ్రాస్తారు కనుక, నేను రిటైరైన తరువాత ఆసక్తిగా చదివిన ఒక విషయం చెప్పదలచినాను. అది వాహనాల రూపము, వాటిని కొనే తీరు. చివర స్వవిషయం కూడా కొంత ఉన్నది. సహించగలరు.

స్టోర్సు సెక్షన్‌లో గుమాస్తాగా చాలా ఏళ్ళు పనిచేసినాను. ఆఫీసు అంబాసిడర్ లాగ్‌బుక్కు, టైర్లు, బ్యాటరీల కొటేషన్లు అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. కొటేషన్లు విప్పగానే కంపారటివ్ స్టేట్‌మెంట్ గీసేవాణ్ణి. ధరకు ఒక గడి, గడువుకు ఒకటి, గ్యారంటీకి ఒకటి. అందానికి మాత్రం గడి లేదు. కొనడమంటే ఇంతే కదా అనుకునేవాణ్ణి. చరిత్ర చదివితే సంగతి వేరుగా కనిపించింది.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టి కారు తెచ్చినాడు. ఆయనదీ మన గడుల లెక్కే. చవకగా ఉండాలి, గట్టిగా ఉండాలి. 1914 నుంచి 1925 దాకా అది నలుపు రంగులోనే వచ్చేది. 1927లో ఆపేసే నాటికి కోటిన్నర పైచిలుకు కార్లు తయారైనాయి. కానీ ఇంటింటికీ కారు వచ్చిన తరువాత మళ్ళీ కొత్తది ఎందుకు కొంటారు? ఈ ప్రశ్నకు జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ జవాబు పట్టుకున్నాడు. అదే 1927లో హార్లీ ఎర్ల్ చేతికింద రంగులు, ఆకారాలు దిద్దడానికే ఒక విభాగం పెట్టినాడు. ఏటేటా రూపం మార్చి, నిరుటి కారు పాతదిగా కనిపించేటట్లు చేయడం అప్పటినుంచి వ్యాపార సూత్రమైంది.

1934లో క్రిస్లర్ కంపెనీ ఎయిర్‌ఫ్లో అనే కారు తెచ్చింది. విమానాలను పరీక్షించినట్లే నమూనాలను గాలి సొరంగంలో పెట్టి, గాలికి అడ్డుపడని ఆకారం తేల్చినారు. వెనుక సీటును ఇరుసు మీదనుంచి ముందుకు జరిపినందున కుదుపు తగ్గింది. ఇంజనీర్లు చేసినది సబబే. కానీ జనం దాని గుండ్రటి మూతి చూసి మొహం తిప్పుకున్నారు. 1937తో దాని కథ ముగిసింది.

ఇక ఎర్ల్ సంగతి చూడండి. యుద్ధకాలంలో పి-38 లైట్నింగ్ అనే రెండు తోకల విమానాన్ని చూసి ముచ్చటపడి, 1948 క్యాడిలాక్ కారు వెనుక చిన్న రెక్కలు పెట్టించినాడు. జనం ఎగబడ్డారు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టినాయి. 1959 నాటికి ఆ రెక్కలు చేపతోకల్లా పైకి లేచినాయి. వాటివల్ల కారుకు ఒరిగిందేమీ లేదు. విమానశాస్త్రాన్ని నిజంగా పాటించిన కారును కాదని, విమానం వేషం కట్టిన కారును కొనుక్కున్నారు.

మరి విమానాలు కొనేవారో? 1969 ఫిబ్రవరి 9న బోయింగ్ 747, మార్చి 2న కాంకార్డ్ మొదటిసారి ఎగిరినాయి. కాంకార్డ్ కొంగలా సన్నగా, చూడముచ్చటగా ఉండేది. ధ్వనికి రెట్టింపు వేగం. కానీ పట్టేది 100 మందే. 747కు వీపు మీద గూని. రేపు ప్రయాణికులంతా ధ్వనిని మించిన విమానాల్లో పోతారు, ఇది సరుకులకైనా పనికిరావాలని, ముక్కు తెరుచుకునేందుకు వీలుగా పైలట్ల గదిని పైకెత్తినారు. ఆ గూని అలా వచ్చినదే. కాంకార్డ్ కోసం మన ఎయిర్ ఇండియాతో సహా ఎన్నో సంస్థలు ముందుగా పేరు నమోదు చేసుకున్నాయి. తీరా మనిషికి ఇంత, మైలుకు ఇంత అని లెక్క వేసేసరికి ఒక్కొక్కరే వెనక్కి తగ్గినారు. 1973లో చమురు ధర పెరగడం మరొక దెబ్బ. చివరకు బ్రిటిష్, ఫ్రెంచి సంస్థలు మాత్రమే 14 విమానాలు నడిపి 2003లో ఆపేసినాయి. గూని విమానాలు 1,574 తయారైనాయి. ఆఖరుది 2023 జనవరిలో అప్పగించినారు.

అయినా అందం పూర్తిగా ఓడిపోలేదు. 1971లో ఎయిర్ ఇండియా 747 కొన్నప్పుడు దానికి ‘ఎంపరర్ అశోక’ అని పేరుపెట్టి, కిటికీల చుట్టూ రాజమహలు గవాక్షాలు చిత్రించినారు. విమానం కొన్నది లెక్క చూసి, టిక్కెట్టు అమ్మింది అందం చూపి.

మన దేశంలో మనకు ఆ బాధే లేదు. అంబాసిడర్, ఫియట్ తప్ప పెద్దగా ఎంపిక ఎక్కడిది? ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ పెద్దగా రూపు మారకుండా 2014 దాకా నడిచింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాతనే మధ్యతరగతివాడికి కారుమీద ఆశ పుట్టింది. తరువాత రకరకాల కార్లు వచ్చి, మనమూ రూపం చూసి కొనడం నేర్చుకున్నాము.

ఇక నా సంగతి. 2008లో రిటైరైనాను. గ్రాట్యుటీ డబ్బులో కొంత తీసి కారు కొన్నాము. మా పెద్దవాడు, నేను షోరూముకు వెళ్ళి, నేలకు దగ్గరగా, సన్నగా, మెరుస్తూ ఉన్నదానిని ఎంచినాము. ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టినాము. మా ఇంటావిడకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. కూర్చోవడం ఎలాగో కూర్చున్నది గానీ, గుడి దగ్గర దిగేటప్పుడు లేవలేక నా భుజం పట్టుకున్నది. ‘‘కారు బాగుందండీ. నన్ను కూడా తీసుకెళ్ళి ఉంటే ఒకసారి కూర్చుని చూసేదాన్ని కదా’’ అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ తరువాత ఏదో ఒక పని చెప్పి కారు ఎక్కడం తప్పించుకునేది. రెండేళ్ళు తిరగకుండా నష్టానికి అమ్మేసినాము. ఇప్పటికీ ఆవిడకు ఎత్తుగా ఉండే ఆటోయే సుఖం.

అన్నేళ్ళు ఆఫీసుకు స్టేట్‌మెంట్లు గీసినవాణ్ణి, సొంత ఇంటికి ఒక్కటి గీయలేదు. గీసినా అందులో ధర, మైలేజీ, రంగు ఉండేవే తప్ప, కూర్చునే మనిషికి గడి ఉండేది కాదేమో. అందం వద్దని నేను అనను. ఎయిర్‌ఫ్లో కథ చదివిన తరువాత అసలే అనను. ఈ వయసులో పిల్లలు మనకోసం కారు కొంటామంటే మాత్రం, ఇంటావిడను కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. ఎక్కించి, దింపి, ఆ తరువాత రంగు అడగండి.

సెలవు.